జీడి పిక్కల బస్తా మీద బెనిన్ అని ఉంది. పలాసలో మా షెడ్డుకీ, దేశాల సుంకాల చర్చలకీ సంబంధం ఏమిటి?

కాశీబుగ్గ గుమస్తా
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మా అమ్మ పాతికేళ్లుగా ఇదే పనిలో ఉంది. మొదట పిక్కలు కొట్టేది, ఇప్పుడు పప్పు మీద పొర తీస్తోంది. పిక్క రసం అంటి వేళ్ల చివర్లు నల్లబడ్డాయి. పండక్కి ఎంత రుద్దినా ఆ నలుపు పోదు.

పోయిన వారం మా షెడ్డు రెండు రోజులు ఖాళీగా ఉంది. పిక్కలు లేవు. ఆఫ్రికా సరుకు అందట్లేదని, అందినా రేటు గిట్టట్లేదని యజమాని అన్నారు. పని లేక గోడౌన్‌లో ఖాళీ గోనెలు మడతపెడుతుంటే ఒకదాని మీద నల్ల సిరాతో బెనిన్ అని అచ్చు కనబడింది. అది పాత బస్తా. ఇంటికొచ్చి ఫోన్‌లో చూస్తే, ఆ దేశం 2024 ఏప్రిల్ నుంచి ముడి పిక్కల ఎగుమతి ఆపేసిందని తెలిసింది.

పేద దేశాలకు సుంకం తగ్గించే ఒప్పందాలేవో ఉన్నాయంటారు కదా. జీఎస్‌పీ అని, అమెరికా మనకు తీసేసిందని 2019లో పేపర్లో రోజూ వచ్చేది. దానికీ మా షెడ్డు ఖాళీగా ఉండటానికీ సంబంధం ఉందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. అమ్మ అడుగుతోంది, నాకు చెప్పడం రావట్లేదు.


గ్రూప్స్ ప్రిపరేషన్, విజయనగరం
సోమవారం, రాత్రి 10:15

అన్నా, కచ్చితంగా సంబంధం ఉంది. జీఎస్‌పీ అంటే అభివృద్ధి చెందుతున్న దేశాల సరుకు మీద ధనిక దేశాలు సుంకం తగ్గించడమో, పూర్తిగా తీసేయడమో. అమెరికాలో ఇది 1976 జనవరి 1న మొదలైంది. 2019 జూన్ 5న మనల్ని జాబితా నుంచి తీసేశారు. 2017లో ఈ పద్ధతి కింద మనం 560 కోట్ల డాలర్ల సరుకు పంపాం. అది పోయేసరికి మన జీడిపప్పుకు అక్కడ ధర పెరిగి, ఇక్కడ ఫ్యాక్టరీలు తగ్గాయి.


బొబ్బిలి రిటైర్డ్
మంగళవారం, ఉదయం 6:20

తమ్ముడూ, తేదీలు బాగా గుర్తుపెట్టుకున్నావు. ఒక్క సవరణ. జీడిపప్పు మీద అమెరికాలో మామూలు సుంకమే సున్నా. ఏ దేశం నుంచి వెళ్లినా అంతే. యూరప్‌లోనూ అంతే. అసలు సుంకమే లేనిచోట రాయితీ పోయిందన్న మాటే రాదు. 2019 దెబ్బ తగిలింది ఆటో విడిభాగాలకు, రసాయనాలకు, తోలు సామాన్లకు. అప్పట్లో మన వాణిజ్య శాఖ చెప్పిన లెక్క ప్రకారం, ఆ 560 కోట్ల డాలర్ల సరుకు మీద మనకు మిగులుతున్న సుంకం 19 కోట్ల డాలర్లే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం దాకా వేసింది చూశారూ, అది రాయితీ తీసేయడం కాదు, కొత్తగా మోపిన భారం. రెండూ కలపకండి.

గుమస్తా బాబూ, నువ్వు వెతకాల్సింది అటు కాదు, ఇటు. మనం తీసుకునే రాయితీ కాదు, మనం ఇచ్చే రాయితీ.

నేను రేవు కస్టమ్స్‌లో ముప్పై ఏళ్లు పనిచేశాను. 2008 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఆఫ్రికా దేశాల అధినేతలతో సదస్సు జరిగింది. బాగా వెనకబడిన దేశాలు, అంటే ఐక్యరాజ్య సమితి జాబితాలోని ఎల్‌డీసీలు పంపే సరుకును సుంకం లేకుండానో, తగ్గించో రానిస్తామని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అక్కడ ప్రకటించారు. ఆయన పేరుపెట్టి చెప్పిన సరుకుల్లో పత్తి, కోకో, రాగి ఖనిజంతో పాటు జీడి పిక్కలూ ఉన్నాయి. ఆ ఆగస్టు నుంచే అమల్లోకి వచ్చింది. బెనిన్, టాంజానియా, గినియా బిస్సావు, మొజాంబిక్ ఆ జాబితాలోవే. ఐవరీ కోస్ట్, ఘనా అందులో లేవు. వాటి పిక్కలకు మామూలు సుంకం కట్టాలి. 2018 బడ్జెట్‌లో దాన్ని 5 శాతం నుంచి రెండున్నరకు తగ్గించారు.

అందుకే మాకు పిక్క ఎంత ముఖ్యమో కాగితం అంత ముఖ్యం. ఒక దేశపు పిక్క పక్క దేశపు కాగితంతో వస్తే ఖజానాకు నష్టం. పిక్కను చూసి ఏ దేశానిదో చెప్పడం ఎవరి తరమూ కాదు. సర్టిఫికెట్ మీద ముద్ర, సంతకం మా దగ్గరున్న నమూనాతో సరిపోయిందా అని భూతద్దం పెట్టి చూసేవాళ్లం. 2020 సెప్టెంబరు నుంచి నిబంధన ఇంకా బిగించారు. సరుకు నిజంగా ఆ దేశానిదేనన్న ఆధారాలు దిగుమతిదారే దగ్గర పెట్టుకోవాలి.


ఉద్దానం రైతు
మంగళవారం, మధ్యాహ్నం 1:05

బయటి పిక్క రాలేదని మీరంతా బాధపడుతున్నారు. అది వచ్చిన రోజున మా బాధ ఎవరికీ పట్టలేదు.

మాది వజ్రపుకొత్తూరు మండలం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపానుకు మా నాన్న వేసిన జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. పొద్దున్నే తోటలోకి వెళితే దారి తెలియలేదు. పుట్టి పెరిగిన తోటలో నాకు దారి తెలియలేదు! మళ్లీ నాటాం. జీడి మొక్క చేతికి రావాలంటే నాలుగైదేళ్లు. ఇప్పుడిప్పుడే కాపు కాస్తోంది. మార్చి నుంచి మే దాకా మా పంట. సరిగ్గా అప్పుడే విదేశీ పిక్క దిగుతోంది బాబూ, నీ సరుకు ఇప్పుడొద్దు అంటారు. 80 కేజీల బస్తాకు 16 వేలు ఇమ్మని రోడ్డెక్కాం. ఆఫ్రికా రైతుకు సుంకం మాఫీ చేసిన సర్కారు ఉద్దానం రైతుకు గిట్టుబాటు ఎందుకు చూడదు?

గుమస్తా, నీ మీద కోపం కాదు. మీ అమ్మలాంటి వాళ్లు మా ఇళ్లలోనూ ఉన్నారు.


కాశీబుగ్గ గుమస్తా
మంగళవారం, రాత్రి 8:30

బాబాయ్, మీ మాట నిజం. నేను రాసే లెక్కల్లోనే కనిపిస్తుంది. మీ పంట మూడు నెలలు, ఫ్యాక్టరీ ఏడాదంతా ఆడాలి. ఉద్దానం పిక్క ఒక్కటే అయితే కొద్ది నెలలకే షెడ్డు మూయాలి. బయటి పిక్క మీ సీజన్‌లోనే దిగితే మీరు మునుగుతారు. ఆ రెండు మాటలూ కలిపి చెప్పేవాడు ఢిల్లీలో ఎవరైనా ఉన్నారా అన్నదే నా బాధ.


ఎకనామిక్స్ మేడమ్, శ్రీకాకుళం
మంగళవారం, రాత్రి 10:50

రోజంతా క్లాసులు, ఆలస్యంగా రాస్తున్నాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ రాయితీల ఆలోచన ధనిక దేశాల దయ నుంచి పుట్టలేదు. 1964లో జెనీవాలో అంక్టాడ్, అంటే వాణిజ్యం, అభివృద్ధి మీద ఐక్యరాజ్య సమితి పెట్టిన వేదిక, మొదటి సమావేశం జరిగింది. దాని మొదటి సెక్రటరీ జనరల్ అర్జెంటీనా ఆర్థికవేత్త రౌల్ ప్రెబిష్. ఆయన మాట సూటిగా ఉండేది: పేద దేశం ముడిసరుకు అమ్ముకుంటూ కూర్చుంటే ఎప్పటికీ పేదగానే ఉంటుంది, తయారు చేసిన సరుకు అమ్మగలగాలి, దానికి ధనిక దేశాలు తలుపు తీయాలి. నాలుగేళ్లకు, 1968లో, రెండో సమావేశం మన న్యూఢిల్లీలోనే జరిగింది. 21వ నంబరు తీర్మానం అక్కడే ఆమోదించారు. అందరికీ వర్తించేలా, బదులు ఏమీ అడగకుండా, ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ అనకుండా ఇవ్వాలని అందులో రాసుకున్నారు. 1971లో గాట్, అంటే అప్పటి ప్రపంచ వాణిజ్య ఒప్పందం, నిబంధనల నుంచి దీనికి పదేళ్ల మినహాయింపు దొరికింది, 1979లో అది శాశ్వతం అయింది.

అయితే అసలు లోపమూ అందులోనే ఉంది. ఇవ్వవచ్చు అన్నారు తప్ప ఇచ్చి తీరాలి అనలేదు. ఇచ్చే దేశం తన సొంత చట్టంతో ఇస్తుంది, అదే చట్టంతో తీసేస్తుంది. 2019లో మనకు జరిగింది అదే. అమెరికా పాల వ్యాపారులు, వైద్య పరికరాల కంపెనీలు మన మీద ఫిర్యాదు పెట్టారు. వాళ్ల పాల ఉత్పత్తులు ఇక్కడికి రావాలంటే ఆ ఆవులకు జంతువుల నుంచి తీసిన దాణా పెట్టలేదని ధ్రువపత్రం కావాలన్నాం. గుండెకు వేసే స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరిలో గరిష్ఠ పరిమితి పెట్టాం. ఈ రెండిట్లోనూ మనం వెనక్కి తగ్గలేదు, తగ్గకపోవడమే మంచిదైంది. మా నాన్నకు విశాఖలో స్టెంట్ వేయించిన ఇంటిదాన్ని నేను. ఆ ధర తగ్గడం అంటే ఏమిటో నాకు తెలుసు. 19 కోట్ల డాలర్ల సుంకం కోసం దాన్ని వదులుకుని ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

ఇప్పుడు ఆ అమెరికా పద్ధతికే దిక్కు లేదు. 2020 డిసెంబరు 31తో గడువు తీరింది, ఏళ్లు గడిచినా వాళ్ల పార్లమెంటు పొడిగించలేదు. మనతో పాటు మిగతా దేశాలూ పోగొట్టుకున్నాయి.


గ్రూప్స్ ప్రిపరేషన్, విజయనగరం
మంగళవారం, రాత్రి 11:20

మేడమ్, జీడిపప్పు విషయంలో నాదే తప్పు, ఒప్పుకుంటున్నాను. ఇంకో డౌట్. జీఎస్‌పీ మీద మనం డబ్ల్యూటీవోలో, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థలో, యూరప్‌ను ఓడించామని చదివాను. నిజమేనా? 2019లోనే బాదం, యాపిల్ మీద మనం సుంకం పెంచింది జీఎస్‌పీ తీసేసినందుకేనా?


ఎకనామిక్స్ మేడమ్, శ్రీకాకుళం
బుధవారం, ఉదయం 7:10

రెండోది ముందు. 2019 జూన్ 16న బాదం, అక్రోట్లు, యాపిల్, శనగలు లాంటి 28 సరుకుల మీద పెంచాం. నిజానికి అది 2018లో అమెరికా ఉక్కు, అల్యూమినియం మీద వేసిన సుంకానికి జవాబు. ఏడాది పాటు వాయిదా వేస్తూ వచ్చి, జీఎస్‌పీ పోయిన పదకొండో రోజున అమలు చేశాం. ఆ వాయిదా, ఆ అమలు, రెండూ దౌత్యమే. 2023 జూన్‌లో ప్రధాని అమెరికా వెళ్లినప్పుడు ఆరు తగాదాలు కలిపి పరిష్కరించుకుని, ఆ పెంపును వెనక్కి తీసుకునేందుకు ఒప్పుకున్నాం.

యూరప్ కేసు నిజం. మాదకద్రవ్యాలను అరికడుతున్నాయంటూ 12 దేశాలకు యూరప్ ప్రత్యేక రాయితీ ఇచ్చింది. 2002లో పాకిస్తాన్‌నూ అందులో చేర్చింది. ఒకే బట్టకు వాళ్లకు సుంకం లేదు, మనకు ఉంది. ఆ మార్చిలోనే మనం ఫిర్యాదు పెట్టాం. 2004 ఏప్రిల్‌లో డబ్ల్యూటీవోలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ తీర్పు వచ్చింది. గెలిచాం, కానీ తీర్పు పూర్తిగా చదవాలి. అందరికీ ఒకేలా ఇవ్వనక్కర్లేదు, అభివృద్ధి అవసరాలు వేరైతే రాయితీ వేరుగా ఉండొచ్చు, అయితే కొలబద్ద అందరికీ ఒకటే ఉండాలి, కొత్తవాళ్లకు తలుపు మూసిన జాబితా పనికిరాదు అన్నారు. యూరప్ ఆ మాట పట్టుకుని కొలబద్ద రాసి జీఎస్‌పీ ప్లస్ అనే అదనపు రాయితీ పెట్టింది. 2014లో ఆ దారినే పాకిస్తాన్ మళ్లీ లోపలికి వచ్చింది.


మత్వారా నుంచి సోంపేట వాడు
బుధవారం, సాయంత్రం 5:45

నేను టాంజానియాలో ఉంటాను. ముడి జీడి కొనే ఒక కంపెనీ తరఫున తొమ్మిదేళ్లుగా ఇక్కడే. ఇవతలి ఒడ్డున ఏముందో చెప్పాలనిపించింది.

ఇక్కడ అక్టోబరు నుంచి పంట. ఊళ్ల నుంచి సహకార సంఘాల గోడౌన్‌కు పిక్కలు వస్తాయి, అక్కడే వేలం. బస్తాలోంచి కేజీ పిక్కలు తీసి, లెక్కపెట్టి, ఒక్కొక్కటీ కత్తితో నిలువునా కోస్తాను. మంచి పప్పు ఒక పక్క, బూజు పట్టింది, ముడుచుకున్నది ఇంకో పక్క. తూకం వేస్తే అవుట్‌టర్న్ వస్తుంది. 48 అంటే 80 కేజీల బస్తాకు 48 పౌండ్ల పప్పు దిగుతుందని. పలాసలోనూ బస్తా అంటే 80 కేజీలే, చూడండి.

పక్కన కూర్చుని పిక్కలు ఏరే ఆడవాళ్లు నన్ను ఏటా ఒకటే అడుగుతారు. ఇది మీ ఊరు తీసుకెళ్లి ఏం చేస్తారు, ఆ పని మేమే ఎందుకు చేయకూడదు అని. తొమ్మిదేళ్లలో నాకు జవాబు దొరకలేదు.

ఇక్కడికి దక్షిణాన సరిహద్దు దాటితే మొజాంబిక్. ఒకప్పుడు వాళ్లకు సొంత జీడి ఫ్యాక్టరీలుండేవి. ముడి పిక్క బయటికి పోకుండా ఎగుమతి పన్ను ఉండేది. 1990ల్లో అప్పు కావాలంటే ఆ పన్ను తగ్గించాలని ప్రపంచ బ్యాంకు షరతు పెట్టింది. తగ్గించారు. పిక్క మన దేశానికి వచ్చింది, అక్కడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వేలమంది రోడ్డున పడ్డారు, ఎక్కువమంది ఆడవాళ్లే. ఆ రోజుల్లో మన షెడ్లలో దొరికిన పని కొంత వాళ్ల దగ్గర పోయిన పనే. బెనిన్ ఎగుమతి ఎందుకు ఆపిందంటే ఇదే. పప్పు అక్కడే తీయాలని ఫ్యాక్టరీలు కట్టుకున్నారు.

మేడమ్, మీరు ప్రెబిష్ మాట రాశారు. ముడి పిక్క మీద మనం సుంకం రెండున్నరకు దించాం. తీసిన పప్పు మీద మామూలు సుంకాన్ని 2019 బడ్జెట్‌లో 45 నుంచి 70 శాతానికి పెంచాం. ముడిది రా, వండింది రావద్దు. 1968లో ఢిల్లీలో మనం ధనిక దేశాల మీద చెప్పింది ఇదే కదండీ?


ఎకనామిక్స్ మేడమ్, శ్రీకాకుళం
బుధవారం, రాత్రి 9:15

అవును బాబూ, ఇదే. ఇన్నేళ్లు పాఠం చెబుతూ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆ 70 శాతం తీసేయమని మాత్రం నేను అనలేను. వియత్నాంలో యంత్రాల మీద తీసిన పప్పు వచ్చి పడితే పలాసలో చేతిపని ఒక్క ఏడాది నిలవదు. అనలేను, అలాగని అది న్యాయమనీ రాయలేను.


ఉద్దానం రైతు
బుధవారం, రాత్రి 9:50

సోంపేట తమ్ముడూ, నువ్వు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. అక్కడి రైతుకు బస్తాకు ఎంత ముడుతుంది? వేలం అంటున్నావు, ధర ముందే తెలుస్తుందా? మాకు అదీ లేదు. షావుకారు చెప్పిందే ధర.

బెనిన్ వాళ్లు చేసింది తప్పనిపించట్లేదు నాకు. నేను అడిగేది ఒక్కటే. మాఫీ ఇవ్వండి, కాదనను. మార్చి నుంచి మే దాకా మాత్రం ఆపండి. ఆ మూడు నెలలు మా పిక్క కొననివ్వండి.


బొబ్బిలి రిటైర్డ్
గురువారం, ఉదయం 6:05

రైతుగారూ, మీరు అడిగింది గొంతెమ్మ కోరిక కాదు. సీజన్‌ను బట్టి సుంకం మార్చడం చాలా దేశాల్లో ఉంది. యూరప్ పళ్లకు, కూరగాయలకు నెలను బట్టి రేటు మారుతుంది. మనకూ చిల్లు లేని పద్ధతి ఒకటి రాయవచ్చు. కానీ అడగనిదే అమ్మయినా పెట్టదు. బడ్జెట్‌కు ముందు అభిప్రాయాలు చెప్పమని కేంద్రం పిలుస్తుంది. జీడి ఎగుమతిదారులు వెళతారు, ముడి పిక్కకు సుంకం ఎత్తేయమంటారు, వాళ్ల తప్పేం లేదు. రైతు తరఫున, పొర తీసే ఆడవాళ్ల తరఫున ఒక కాగితం వెళ్లిందని నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వినలేదు. మీరు, గుమస్తా కలిసి రాస్తానంటే భాష, సెక్షన్లు నేను చూసుకుంటాను.


నెల్లిమర్ల నుంచి
గురువారం, మధ్యాహ్నం 2:30

జీడి మాట మధ్యలో జూట్ మాట తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్న ఒక జూట్ మిల్లులో నేత పని చేశారు. అది ఇప్పుడు లేదు. మా తాతలు గోగు వేసేవాళ్లు. గోగు కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరబెడితే ఊరంతా ఆ కంపే. మోకాలి లోతు నీళ్లలో నిలబడి నార ఒలిచేవాళ్లు.

బంగ్లాదేశ్ కూడా ఎల్‌డీసీనే. 2011లో సాఫ్టా, అంటే దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద మద్యం, పొగాకు లాంటి 25 రకాలు తప్ప వాళ్ల సరుకంతా సుంకం లేకుండా రానిచ్చాం. వాళ్ల గోనె సంచి మన సంచి కంటే చవగ్గా దిగింది. 2017 జనవరిలో మళ్లీ మనమే యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవగ్గా తెచ్చి దింపే సరుకు మీద వేసేది, వేశాం, టన్నుకు 19 నుంచి 352 డాలర్ల దాకా. 2022 డిసెంబరులో ఇంకో ఐదేళ్లు పొడిగించాం. ఒక చేత్తో ఇచ్చాం, ఇంకో చేత్తో తీసుకున్నాం. 2026 నవంబరు 24న వాళ్లు ఎల్‌డీసీ జాబితా దాటాలని 2021లో ఐక్యరాజ్య సమితి తేదీ పెట్టింది. దాటాక ఆ తలుపులన్నీ వాళ్లకు ఒక్కొక్కటీ మూసుకోవడం మొదలవుతుంది.

మా మిల్లు మూతపడటానికి బంగ్లాదేశ్ ఒక్కటే కారణమని నాన్న ఎప్పుడూ అనలేదు. నార ధర, కరెంటు బిల్లు, ప్లాస్టిక్ సంచులు అన్నీ ఉన్నాయి. ధాన్యం గోనె సంచుల్లోనే నింపాలన్న 1987 చట్టం లేకపోతే ఇంకా ముందే పోయేదంటారు.

గుమస్తా అన్నా, ఒక చిన్న పని. ఆ బెనిన్ బస్తా అంచు కుట్టు దగ్గర ఏమైనా రాసి ఉందేమో చూస్తావా?


కాశీబుగ్గ గుమస్తా
గురువారం, రాత్రి 10:20

చూశాను తమ్ముడూ. పైన బెనిన్ అని పెద్దగా ఉంది. లోపలికి తిప్పి, అడుగు కుట్టు దగ్గర దుమ్ము దులిపితే చిన్న అక్షరాల్లో నీలం సిరా. సగం చెరిగిపోయింది, కానీ బంగ్లాదేశ్ అన్నది చదవగలిగాను.

అమ్మకు చూపించాను. నేను విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. బస్తా మీద చెయ్యి పెట్టి, ‘అయితే దీన్ని నేసినోళ్లు ఒక ఊరోళ్లు, నింపినోళ్లు ఒక ఊరోళ్లు, విప్పింది మనం’ అంది. బెనిన్‌లో పొర తీసేవాళ్లకు రోజుకు ఎంత ఇస్తారని అడిగింది. సోంపేట అన్నా, మీకు తెలిస్తే చెప్పండి.

షెడ్డు సోమవారం తెరుస్తారట, ఐవరీ కోస్ట్ సరుకు దిగిందట. రిటైర్డ్ గారూ, కాగితం రాద్దాం. రైతు బాబాయ్ ఆదివారం పలాస వస్తారా? బస్తా ధరలు నెలవారీగా నా దగ్గర ఉన్నాయి, నాలుగేళ్లవి. యజమానిని అడిగి తెస్తాను, అడక్కుండా తీయను.


నెల్లిమర్ల నుంచి
గురువారం, రాత్రి 10:45

అన్నా, ఆ బస్తా పారేయొద్దు. ఆదివారం పాసింజరుకు నేనూ వస్తాను. నాన్నకు తెచ్చి చూపించాలి. నేత పట్టుకుని చూస్తే పోగులు లెక్కపెట్టి చెబుతారు, మా మిల్లు బస్తాకూ దానికీ తేడా ఏమిటో.